బ్యారెల్ స్మోకర్‌లో మొదటి వంట: రిబ్స్ కింద మాడి పైన గట్టిగా, చికెన్ తోలు రబ్బరులా ఎందుకొచ్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కొత్తగా బ్యారెల్ స్మోకర్, అంటే అడుగున బొగ్గు నిప్పు పెట్టి పొగలో మాంసం వండే నిలువు డ్రమ్ము తెచ్చుకున్నారు, మొదటిరోజే పోర్క్ రిబ్స్ (పంది పక్కటెముకల మాంసం) వేలాడదీసి, గంట తర్వాత చికెన్ కూడా పెట్టారు. ఎలా ఉందో చూద్దామని పావుగంటకోసారి మూత తీశారు. వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కంగారుపడి కింద వెంట్, అంటే గాలి లోపలికొచ్చే సందు, మొత్తం మూసేశారు. రెండున్నర గంటలకి రిబ్స్ కింది కొసలు మాడిపోతున్నాయని తీసేస్తే పైభాగం పంటితో లాగినా రాలేదు, చికెన్ తోలు సాగుతోంది, రెండిట్లోనూ ఏదో చేదు. తప్పు మసాలాదా, మాంసానిదా, బ్యారెల్‌దా అని అడిగారు, మీకు పొద్దున్నకి బూడిదే మిగిలిందని చెప్పి, అసలు మిగిలే బొగ్గు మళ్ళీ వాడుకోవచ్చా అని చివర్లో ఇంకోటి అడిగారు, ఒక ఫొటో కూడా పంపారు.

ఆ మూడిట్లో ఏదీ కాదండి. మూత మాటిమాటికీ తీయడం, దానివల్ల పెరిగిన వేడిని ఆపడానికి గాలి మొత్తం బంద్ చేయడం, సమస్య ఇదే. మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు లోపాల్లా కనిపిస్తున్నాయి గానీ ఒకదాని వెనక ఒకటి వచ్చినవే. వచ్చేసారి మీరు మసాలా మార్చక్కర్లేదు, కొత్త సామాను ఏదీ కొనక్కర్లేదు, ఒక థర్మామీటర్ తప్ప. ఇంకో సలహా కూడా ముందే చెప్పేస్తా, ఈసారి రెండూ కలిపి పెట్టకండి, ముందు చికెన్ ఒక్కటే చెయ్యండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ డ్రమ్ములో అసలు ఏం జరుగుతుందో చూద్దాం. అడుగున బొగ్గు బుట్ట, పైన అడ్డంగా రెండు కడ్డీలు, వాటికి కొక్కేలు, మాంసం నిలువుగా వేలాడుతుంది. గాలి కింద వెంట్ లోంచి వస్తుంది, పైన కడ్డీలు దూర్చిన రంధ్రాల్లోంచో చిన్న గొట్టంలోంచో బయటికి పోతుంది. మామూలు స్మోకర్లలో నిప్పుకీ మాంసానికీ మధ్య నీళ్ళ ట్రేనో రేకో అడ్డం ఉంటుంది, ఇందులో ఏ అడ్డూ ఉండదు. కొవ్వు కారి సూటిగా నిప్పుల మీద పడుతుంది, అక్కడ ఆవిరై పొగలో కలిసి మళ్ళీ మాంసానికే పడుతుంది. బ్యారెల్ వంటకి ఆ ప్రత్యేకమైన రుచి వచ్చేది దీనివల్లే, కట్టె పొగ ఒక్కదానివల్ల కాదు. కింద కొసలు తొందరగా మాడే ప్రమాదం కూడా దీనివల్లే.

ఇప్పుడు మూత సంగతి. బొగ్గు ఎంత వేడిగా మండాలన్నది లోపల ఎంత బొగ్గుందన్నదాని మీద కాదు, ఎంత గాలి అందుతోందన్నదాని మీద ఉంటుంది. మూత మూసి ఉన్నప్పుడు కింద వెంట్ ఎంత ఇస్తే అంతే గాలి. మూత తీశారంటే పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదినట్టే, అప్పటిదాకా నిద్రపోతున్న బొగ్గులు కూడా అంటుకుంటాయి. తీసినప్పుడు వేడిగాలి పోయి థర్మామీటర్ ముల్లు కిందికి పడిపోతుంది, అది చూసి మనం వేడి తగ్గిందనుకుంటాం, కానీ అడుగున నిప్పు పెరిగింది, మూత పెట్టిన ఐదు పది నిమిషాలకి ఆ పెరిగిన నిప్పు తన లెక్క చూపిస్తుంది. ఒకసారైతే అదే సర్దుకుంటుంది. పావుగంటకోసారి చేస్తే సర్దుకోవడానికి టైమే ఉండదు, మెట్టు మెట్టుగా పైకే పోతుంది. మీ 200 అలా వచ్చింది.

ఆ వేడికి రిబ్స్ కింది కొసలు మాడాయి. తర్వాత మీరు వెంట్ మొత్తం మూసేశారు, నిప్పు ఊపిరాడక సగం సగం కాలడం మొదలైంది, కట్టె ముక్కలు మండకుండా మగ్గాయి, కారిన కొవ్వు కూడా సరిగ్గా కాలలేదు, డ్రమ్ము నిండా తెల్లటి దట్టమైన పొగ. ఆ చేదు ఆ పొగదే. సరిగ్గా ఆ టైములోనే లోపలికెళ్ళిన చికెన్ మీద పొగ, తేమ కలిసి పేరుకున్నాయి, తోలు కింద కొవ్వు కరిగే వేడి అందలేదు. ఇటు రిబ్స్‌ని మాడుతున్నాయని రెండున్నర గంటలకే తీసేశారు. రిబ్స్ గట్టిగా ఉన్నాయంటే ఎక్కువ ఉడికాయని కాదు, ఇంకా ఉడకలేదని. ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు, గట్టిగా ఉంది కాబట్టి వచ్చేసారి ఇంకా ముందే తీస్తారు, అప్పుడు ఇంకా గట్టిగా వస్తుంది.

నిప్పు పెట్టే పద్ధతి దగ్గర్నుంచి చెప్తా, సగం పని అక్కడే అయిపోతుంది. బుట్ట నిండా అచ్చుబొగ్గు, అంటే బ్రికెట్లు పోయండి. మామూలు కట్టెబొగ్గు కూడా వాడొచ్చు గానీ చిన్నా పెద్దా ముక్కలు కలిసుంటాయి, ఒకచోట భగ్గున, ఒకచోట నెమ్మదిగా మండుతుంది, చెయ్యి కుదిరేదాకా బ్రికెట్లే నయం. అందులోంచి ఒక పావు వంతు తీసి చిమ్నీలో, అదే బొగ్గు రాజేసే గొట్టంలో వేసి కింద కాగితం పెట్టి అంటించండి. పదిహేను ఇరవై నిమిషాలకి పైన ఉన్న ముక్కల అంచులు బూడిదరంగుకి తిరుగుతాయి, అప్పుడు బుట్టలో అంటుకోని బొగ్గు మీద సమంగా పరిచేయండి. పై నుంచి కిందికి నెమ్మదిగా అంటుకుంటూ పోతుంది, గంటల తరబడి నిలకడగా ఉంటుంది. బుట్ట మొత్తం ఒకేసారి రాజేస్తే మాత్రం ఆ వేడిని వెంట్‌తో దించడం తలనొప్పే. పెట్రోలు, కిరోసిన్, లైటర్ ద్రవం లాంటివి పొయ్యకండి, వాసన మాంసానికి పట్టేస్తుంది, ప్రమాదం సరేసరి.

పొగ కోసం బొగ్గులో వేసే కట్టె ముక్కలు పిడికిలంతవి రెండు మూడు చాలు. యాపిల్, చెర్రీ లాంటి పళ్ళ చెట్లవి మెత్తటి పొగ ఇస్తాయి, హికరీ అనే చెట్టు కట్టె కొంచెం ఘాటు, మెస్కీట్ అనేది ఇంకా ఘాటు, కొత్తలో దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది. బాగా ఎండినవై ఉండాలి. నీళ్ళలో నానబెట్టమని చాలాచోట్ల రాస్తారు, నేనైతే నానబెట్టను, ముక్క లోపలికి నీళ్ళు పెద్దగా పోవు, పైన ఉన్న తడి ఆవిరయ్యేదాకా కట్టె సరిగ్గా మండదు, ఆ కాసేపూ వచ్చేది మనకొద్దనుకున్న పొగే. పైన్ లాంటి జిగురు కారే కట్టెలు, రంగు వేసినవి, మందు పట్టించిన చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు అస్సలు వద్దు.

నిప్పులు పోసిన వెంటనే మాంసం పెట్టకండి. మొదట తెల్లగా దట్టంగా పొగ వస్తుంది, అది పోనివ్వాలి. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగితే పలచబడుతుంది, వెలుతురుకి అడ్డంగా చూస్తే కొంచెం నీలంగా, కనీ కనపడకుండా ఉంటుంది. పొగ కంటికి బాగా కనిపిస్తోందంటే ఇంకా టైముంది. కొత్తవాళ్ళు ఎంత పొగ వస్తే అంత రుచి అనుకుంటారు, ఇక్కడ అది పూర్తిగా ఉల్టా.

వెంట్ ఎంత తెరవాలంటే, పావు వంతు తెరిచి మొదలుపెట్టి అరగంట ముట్టుకోకుండా వదిలెయ్యండి. మీరుండేది ఎత్తైన ప్రాంతమైతే అక్కడ గాలి పలచన, కొంచెం ఎక్కువ తెరవాల్సి వస్తుంది. గాలి వీచే రోజైతే వెంట్‌ని గాలికి ఎదురుగా పెట్టొద్దు. మా ఫ్రెండ్ ఒకాయన తన బ్యారెల్ ఒక్కోరోజు మాట వింటుంది, ఒక్కోరోజు వినదు అని తెగ బాధపడేవాడు, వెళ్ళి చూస్తే వెంట్ సరిగ్గా గాలి వచ్చే వైపే ఉంది, డ్రమ్ముని సగం తిప్పి పెట్టాం, అంతే, ఇంకేమీ చెయ్యలేదు.

మార్చాల్సి వస్తే వెంట్‌ని వేలెడంత కూడా కాదు, కొద్దిగా జరపండి, జరిపి పావుగంట ఆగండి, అప్పుడు ముల్లు చూసి మళ్ళీ ఆలోచించండి. వేడి పెరిగిందని మొత్తం మూయొద్దు, ముందు మూత సరిగ్గా కూర్చుందా చూడండి, చాలాసార్లు మూత అంచు దగ్గరే గాలి దూరుతుంటుంది. 130 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడున్నా ఈ వంటకి పర్లేదు, ఇంగ్లీషు రెసిపీల్లో 275 నుంచి 300 ఫారన్‌హీట్ అని రాసేది దాదాపు ఇదే. పది డిగ్రీలు అటూ ఇటూ అయితే కూర్చోండి, లేవకండి. ఖచ్చితంగా 135 దగ్గరే నిలబెట్టాలని వెంట్ పట్టుకుని ఊగిసలాడేవాళ్ళకంటే 145 దగ్గర నిలకడగా వదిలేసినవాళ్ళ వంటే బాగుంటుంది.

థర్మామీటర్ గురించి. డ్రమ్ముకి బిగించి వచ్చే గుండ్రటి మీటర్‌ని నమ్మకండి, అది గోడ దగ్గర వేడి చూపిస్తుంది, మాంసం ఉన్నచోటుది కాదు, పైగా వాటిలో చాలావాటికి లెక్క తప్పుగానే ఉంటుంది. తీసి మరిగే నీళ్ళలో ముంచి చూడండి, 100 చూపించాలి (సముద్రమట్టానికి ఎత్తులో ఉంటే సుమారు ప్రతి 300 మీటర్లకీ ఒక డిగ్రీ తగ్గించుకోండి). నా దగ్గరికి వచ్చిన ఒక మీటర్ మరిగే నీళ్ళలో పదిహేను డిగ్రీలు ఎక్కువ చూపించింది, పాపం వాళ్ళు అన్నాళ్ళూ వేడి ఎక్కువైందని వెంట్ మూస్తూ వచ్చారు. కొనగలిగితే పొడుగు వైరుతో ఉండి మాంసం దగ్గరి వేడి చూపే డిజిటల్ ప్రోబ్ ఒకటి, మాంసంలో గుచ్చి చూసేది ఒకటి తీసుకోండి, ఒకటే కొనగలిగితే గుచ్చేదే కొనండి. చికెన్‌కి అది లేకుండా వండొద్దు.

ఇప్పుడు రిబ్స్. ఎముకల వైపు పల్చటి తెల్లటి పొర ఉంటుంది, ఒక మూల స్పూన్ కాడతో లేపి, జారకుండా టిష్యూ పేపర్‌తో పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. ఉంటే విషమేం కాదు గానీ తినేటప్పుడు తోలులా తగులుతుంది, ఆ వైపు మసాలా కూడా పట్టదు. ఉప్పు ముందురోజు రాత్రే, లేదా కనీసం గంట ముందు పట్టించండి, ఎముకతో కలిపి కిలోకి చదునుగా ఒక టీస్పూన్ మెత్తుప్పు సరిపోతుంది. మసాలా మీ ఇష్టం, కానీ పంచదార, బెల్లం లాంటివి తగ్గించుకోండి. బయట దొరికే రెసిపీలు చాలావరకు నిప్పుకి అడ్డం ఉన్న స్మోకర్లకి రాసినవి, 107 డిగ్రీల దగ్గర నెమ్మదిగా వండేవి, అంత తీపి మన బ్యారెల్‌లో కింది కొసల దగ్గర నల్లగా మాడిపోతుంది.

కొక్కెం ఎక్కడ గుచ్చాలన్నది చిన్న విషయం కాదు. కొస నుంచి రెండో మూడో ఎముక కింద గుచ్చండి, బరువు మాంసం మీద కాకుండా ఎముక మీద పడేలా. మాంసం మెత్తబడ్డాక కొక్కెం చీల్చుకుంటూ వస్తుంది, ఎముక దాన్ని ఆపుతుంది. పెద్ద ముక్కకి రెండు కొక్కేలు పెట్టండి, ఒకటి ఊడినా రెండోది పట్టుకుంటుంది. సన్నటి కొస పైకి, మందంగా ఉన్న కొస కిందికి వేలాడదీస్తాను నేను, కింద వేడి ఎక్కువ కాబట్టి. కింది కొసకీ బొగ్గుకీ మధ్య కనీసం ఒక జానెడు పైనే ఖాళీ ఉండాలి. మీ ఫొటోలో చూస్తే కొసలు దాదాపు బుట్ట అంచుని తాకుతున్నాయి, అంత పొడుగు ముక్కని సగానికి కోసి రెండుగా వేలాడదీయండి, ఏమీ నష్టం లేదు, ఇంకా తొందరగా అవుతుంది కూడా. సగానికి కొయ్యడం ఇష్టం లేకపోతే చివరి గంట గ్రిల్ జాలీ పెట్టి దాని మీద అడ్డంగా పడుకోబెట్టండి.

టైము బేబీ బ్యాక్ రిబ్స్‌కి (వెన్ను దగ్గరి చిన్న పక్కటెముకలు) మూడు నుంచి నాలుగు గంటలు, స్పేర్ రిబ్స్‌కి (పొట్ట వైపు పెద్ద పక్కటెముకలు) నాలుగు నుంచి ఐదు. ఇది అంచనా మాత్రమే, గడియారం చూసి తీయకండి. ఎముకల చుట్టూ ఉండే కొలాజెన్ అనే గట్టి పీచు కరిగి జెలటిన్, అంటే మెత్తటి జిగురు అవ్వాలి, దానికి వేడితో పాటు సమయం కావాలి, మాంసం లోపల 90 నుంచి 95 డిగ్రీలకి వచ్చేసరికి ఆ పని బాగా జరిగి ఉంటుంది. రిబ్స్‌లో మాంసం పల్చన కాబట్టి థర్మామీటర్ ఎముకకి తగిలి తప్పు చెప్తుంది, అందుకని చేత్తో చూడటమే మేలు. పటకారుతో మూడోవంతు దగ్గర పట్టుకుని పైకెత్తండి, విల్లులా వంగి పైన మాంసం పగుళ్ళిస్తే అయినట్టే. ఎముకల మధ్య టూత్‌పిక్ గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. ఎముక కొసలు ఒక సెంటీమీటరు దాకా బయటికి కనిపిస్తుంటాయి, కానీ ఆ ఒక్కటే చూసి తీసెయ్యకండి, వేడి ఎక్కువైతే ఉడక్కుండానే మాంసం వెనక్కి పోతుంది, మీకు జరిగింది కొంత అదే.

మూడు గంటలు పొగ, రెండు గంటలు రేకులో చుట్టి, ఒక గంట సాసుతో అనే 3-2-1 పద్ధతి గురించి మీరు కూడా చదివే ఉంటారు. అది తక్కువ వేడిలో స్పేర్ రిబ్స్ వండటానికి. బ్యారెల్ వేడికి, అందులోనూ బేబీ బ్యాక్‌కి, అలా ఆరు గంటలు వండితే గుజ్జు అవుతుంది. రంగు ముదురు ఎరుపుగా బాగా వచ్చి ఇంకా గట్టిగా ఉంటే అప్పుడు అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి అరగంట, ముప్పావుగంట జాలీ మీద పెట్టండి, చాలు. చుట్టకుండా వండినా ఏం కాదు, పైన కరకరలాడే పొర నాకిష్టం కాబట్టి నేను చాలావరకు చుట్టను. సాసు పూసేది చివరి పావుగంటలోనే. మధ్యమధ్యలో యాపిల్ జ్యూసు చిలకరించడం లాంటివి ఈ డ్రమ్ముకి అక్కర్లేదు, చిలకరించాలంటే మూత తీయాలి కదా, మళ్ళీ మొదటికొస్తాం.

మాంసం కోస్తే అంచు వెంట కనిపించే గులాబీరంగు రింగు రాలేదని కూడా మీరు బాధపడ్డారు. దాని గురించి పట్టించుకోకండి. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిస్తే ఆ రంగు వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, రుచికీ దానికీ సంబంధం లేదు.

చికెన్‌కి వద్దాం. బ్యారెల్‌లో మొదట నేర్చుకోవాల్సింది ఇదేనని నేనంటాను, ఎందుకంటే రెండు గంటల్లోపు తేలిపోతుంది, ఎక్కడ తేడా వచ్చిందో వెంటనే తెలుస్తుంది, మళ్ళీ చెయ్యడానికి ఓపిక మిగులుతుంది. పైగా నిప్పుకి అడ్డం లేని ఈ వేడి చికెన్‌కి బాగా సరిపోతుంది. కోడిని నిలువుగా రెండు సగాలు చెయ్యండి, వెన్నెముక పక్కకి తీసేయకుండా మధ్యకి కోసి చెరో సగానికి ఉంచండి. అది తీసేస్తే కాలు భాగం దాదాపు తోలు మీదే వేలాడుతుంది, మెత్తబడగానే తెగి నిప్పుల్లో పడుతుంది. కొక్కెం రెక్క కింద బ్రెస్ట్ మందంలోకి లోతుగా గుచ్చండి, కాళ్ళు కిందికి రావాలి. కాలు మాంసం ఎక్కువ వేడికి వెళ్ళాలి, బ్రెస్ట్ తక్కువకే ఆపాలి, నిప్పు ఎలాగూ కిందే ఉంది, పని అదే చూసుకుంటుంది. రెక్క కొసలు మాడతాయి, ముందే కోసెయ్యండి.

తోలు కరకరలాడాలంటే మొదటి శత్రువు తడి. పచ్చి చికెన్ సింకులో కడిగితే ఆ నీళ్ళ తుంపర్లతో క్రిములు చుట్టూ పడతాయి, కడగడం వద్దు, టిష్యూతో అద్ది ఆరబెట్టండి. కిలోకి 8 నుంచి 10 గ్రాముల ఉప్పు, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ కలిపి తోలు మీద పల్చగా రాసి (బేకింగ్ సోడా కాదు, అది వేస్తే సబ్బు రుచి వస్తుంది), ఫ్రిజ్‌లో కింది అరలో, కింద ట్రే పెట్టి, మూత లేకుండా రాత్రంతా ఉంచండి. పొద్దున చూస్తే తోలు కాగితంలా ఆరిపోయి ఉంటుంది. పెరుగు, నూనె, నిమ్మరసం కలిపి ముద్దగా పట్టించే మసాలాలైతే తోలు ఎప్పటికీ కరకరలాడదు, అలాంటి రుచే కావాలంటే తోలు తీసేసి చెయ్యండి, తోలుతో వద్దు.

వేడి 150 దగ్గరుండాలి, 160 అయినా పర్లేదు. వెంట్ రిబ్స్‌కంటే కొంచెం ఎక్కువ తెరవండి. గంటన్నర నుంచి రెండు గంటల్లో అవుతుంది. గంట పది నిమిషాల దాకా మూత జోలికి వెళ్ళకండి. అప్పుడు ఒకసారి తీసి గుచ్చి చూడండి, బ్రెస్ట్‌లో మందంగా ఉన్నచోట 74 డిగ్రీలు, తొడలో ఎముకకి తగలకుండా 80 నుంచి 85. 74 అనేది భద్రత కోసం, అక్కడికి తొడ కూడా తినడానికి పనికొస్తుంది, కానీ సాగినట్టుంటుంది, ఇంకొంచెం వెళ్తేనే బాగుంటుంది. ఎముక పక్కన ఎర్రగా కనిపిస్తే పచ్చిగా ఉందని భయపడకండి, పొగ వల్లా, ఎముక మూలగ వల్లా ఆ రంగు పూర్తిగా ఉడికినా ఉండొచ్చు. అలాగని రంగు తెల్లగా ఉంది కదా అని ఉడికిందనుకోవడం కూడా తప్పే. రంగుతో పని లేదు, ముల్లు చెప్పిందే లెక్క.

ఇంకా ఐదారు డిగ్రీలు ఉందనగా తోలు మెత్తగా కనిపిస్తే ఇప్పుడు మూతని వాడుకోండి. ఒక పక్కకి కొద్దిగా జరిపి సందు ఇచ్చి మూడు నాలుగు నిమిషాలు, దగ్గరే నిలబడి చూస్తూ. రిబ్స్‌ని పాడుచేసిన అదే గాలి ఇక్కడ నిప్పు రేపి తోలు కాలుస్తుంది. కొవ్వు కారి మంట లేస్తే వెంటనే మూత పెట్టెయ్యండి, నీళ్ళు మాత్రం పొయ్యకండి, కొవ్వు మంట మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుంది.

ఇది ఒకసారి సరిగ్గా వచ్చాక, రెండోసారి రిబ్స్ ఒక్కటే చెయ్యండి, ఆ తర్వాతే రెండూ కలిపి. కలిపి చేసేటప్పుడు ముందు రిబ్స్, రెండు గంటలయ్యాక చికెన్, వేడి 140 చుట్టుపక్కల. వేరే కడ్డీకి వేలాడదీయండి, ఒకదానికొకటి తగలకూడదు, పచ్చి చికెన్ ముట్టిన పటకారుతో రిబ్స్ ముట్టకండి. రిబ్స్ పడుకోబెట్టి వాటిపైన చికెన్ వేలాడదీయడం అస్సలు వద్దు, పచ్చి రసం కారుతుంది. చికెన్ పెట్టగానే చల్లటి మాంసం వల్ల వేడి పడిపోతుంది, అప్పుడు వెంట్ ముట్టుకోకండి, అదే లేస్తుంది. రిబ్స్ అయిపోగానే తీసి ఫాయిల్‌లో చుట్టి ఐస్‌బాక్సులో (ఐస్ లేకుండా) పెట్టేస్తే గంటైనా వేడిగా ఉంటాయి, ఈలోగా వెంట్ తెరిచి చికెన్‌కి కావాల్సిన వేడి ఇవ్వొచ్చు.

వెంట్ చాలాసేపు మూసి ఉంచిన తర్వాత మూత ఒక్కసారిగా ఎత్తకండి, లోపల కాలని పొగకి గాలి అందగానే భగ్గుమంటుంది. ముందు కొంచెం పక్కకి జరిపి, మొహం దూరంగా పెట్టి, కాసేపాగి తీయండి. గ్యారేజీలో, వరండా మూసి, టెంటులో ఇది వాడొద్దు, ఆరిపోతున్న బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసనుండదు, తెలిసేలోపే ప్రాణం మీదికొస్తుంది. మీది కంపెనీది కాబట్టి ఇబ్బంది లేదు గానీ, ఇది చదివి సొంతంగా డ్రమ్ము చేసుకుందామనుకునేవాళ్ళు గాల్వనైజ్డ్, అంటే జింకు పూత ఉన్న డ్రమ్ము, కడ్డీలు, కొక్కేలు వాడకండి, వేడికి జింకు పొగ రావచ్చు. లోపల పూత ఉన్న డ్రమ్మైతే దాన్ని పూర్తిగా కాల్చి గీకెయ్యాలి, రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు.

మిగిలిన బొగ్గు నిక్షేపంగా వాడుకోవచ్చు. వంట అవ్వగానే వెంట్ మూసి, మూత పెట్టి, పైన కడ్డీల రంధ్రాలు కూడా రేకుతో మూసెయ్యండి. అవి తెరిచి ఉంటే నెమ్మదిగా మొత్తం కాలిపోతుంది, మీకు పొద్దున్నకి బూడిదే మిగిలిందన్నారు కదా, అందుకే. మర్నాడు పూర్తిగా చల్లారాక బుట్టని దులపండి, బూడిద రాలిపోతుంది, మిగిలిన ముక్కల్ని అడుగున వేసి పైన కొత్త బొగ్గు పోయండి. బూడిద మాత్రం ప్రతిసారీ తీసెయ్యాలి, అది పేరుకుంటే వెంట్‌కి అడ్డం పడి గాలి అందదు, అప్పుడు వేడి ఎందుకు ఎక్కట్లేదో అర్థం కాక తల పట్టుకుంటారు. పారేసేముందు రేకు డబ్బాలో ఒకరోజు ఉంచండి, పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉండొచ్చు.